ఒక్క స్ట్రింగ్‌తో హైదరాబాద్ మొత్తం దొరకదు

రిక్రూటర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఈ ఒక్క బూలియన్ స్ట్రింగ్ దాచుకోండి. గూగుల్, లింక్డ్‌ఇన్, ఎక్కడ పేస్ట్ చేసినా ఒకేలా పనిచేస్తుంది. ఎంత పొడవుంటే అంత మంచి ప్రొఫైళ్లు. నాట్ పెట్టి చెత్త తీసేయండి. ఇక లైసెన్సులకు డబ్బు దండగ" అన్నది దాని సారాంశం. బూలియన్ స్ట్రింగ్ అంటే అండ్ (రెండూ ఉండాలి), ఆర్ (ఏదో ఒకటి చాలు), నాట్ (ఇది వద్దు) అన్న మాటలతో కూర్చిన వెతుకులాట వాక్యం. లైసెన్సులంటే రిక్రూటర్ల కోసం లింక్డ్‌ఇన్ లాంటివి డబ్బు తీసుకుని ఇచ్చే టూల్స్. మాదాపూర్ కన్సల్టెన్సీల్లో కొత్తగా చేరిన పిల్లలు దీన్ని నమ్ముకుని సాయంత్రానికి మాట పడుతున్నారు.

ముందుగా, ఎక్కడైనా ఒకేలా పనిచేస్తుందన్న మాట. జావా ఆర్ పైథాన్ అండ్ హైదరాబాద్ అని బ్రాకెట్లు లేకుండా లింక్డ్‌ఇన్‌లో కొట్టండి. అది అండ్‌ని ముందు చూస్తుంది, ఆర్‌ని తర్వాత. దాంతో హైదరాబాద్ షరతు పైథాన్ వాళ్లకే పడుతుంది, జావా వాళ్లు నోయిడా నుంచీ పుణె నుంచీ కూడా వచ్చి పడతారు. గూగుల్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆర్‌దే మొదటి వంతు, బ్రాకెట్లను అసలు పట్టించుకోదు. ఒక మాట వద్దనుకుంటే గూగుల్‌లో మైనస్ గుర్తు పెట్టాలి, లింక్డ్‌ఇన్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో నాట్ అని రాయాలి. మెసేజ్‌లోని స్ట్రింగ్‌లో ప్లస్ గుర్తులు కూడా ఉన్నాయి. గూగుల్ ఆ ఆపరేటర్‌ని 2011లోనే తీసేసింది! ఇక కొటేషన్ మార్కుల గోల వేరే. వర్డ్‌లో టైప్ చేస్తే అవి వంకర తిరుగుతాయి, లింక్డ్‌ఇన్‌కి నిలువుగా ఉన్నవే అర్థమవుతాయి.

పొడవు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. గూగుల్ 32 మాటల దాకానే చూస్తుంది, ఆ తర్వాత రాసిందంతా వృథా.

అసలు నష్టం చేసేది నాట్ సలహా. అమీర్‌పేట కోచింగ్ ఇన్‌స్టిట్యూట్ల ప్రొఫైళ్లు వద్దనుకుని శాప్ ఫైకో (శాప్ సాఫ్ట్‌వేర్‌లో అకౌంట్స్ చూసే భాగం) వెతుకులాటలో నాట్ ట్రైనింగ్ అని పెడతారు. ఉద్దేశం అర్థమవుతుంది, ఆ దొంగ ఎక్స్‌పీరియన్స్ బాధ మనందరికీ తెలిసిందే. కానీ నిజంగా ప్రాజెక్టు చేసిన కన్సల్టెంట్ రెజ్యూమె తెరిచి చూడండి. గో లైవ్ సపోర్ట్ (సిస్టమ్ వాడుకలోకి వచ్చేటప్పటి సాయం) పక్కనే ఎండ్ యూజర్ ట్రైనింగ్ అని ఒక లైను కనిపిస్తుంది. ఆ ఒక్క మాటతో ఆయన లిస్టులోంచి లేచిపోతాడు. ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చినవాడు ఎలాగూ ట్రైనింగ్ అన్న మాటే రాయడు, వాడు మాత్రం భద్రంగా ఉంటాడు. నాట్‌కి మనిషి తెలియదు, మాటే తెలుసు. నన్నడిగితే మొదటి వెతుకులాటలో దాని జోలికే పోకూడదు. ఫలితాలు కాసేపు చదివి, ఏ మాట నిజంగా అడ్డొస్తోందో చూశాక పెట్టుకోవచ్చు.

ఊరి పేరుకీ ఇదే తంటా. హైదరాబాద్ అని మాత్రమే పెడితే సికింద్రాబాద్ అని రాసుకున్నవాళ్లు జారిపోతారు, పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్ వాళ్లు వచ్చి కూర్చుంటారు. బెంగళూరులో పనిచేస్తూ, ఇంటికి దగ్గరగా రావాలని చూసే వరంగల్ అబ్బాయి ఇలాంటి స్ట్రింగ్‌కి చిక్కడు. నోటీస్ పీరియడ్ మొదలుపెట్టి ఉన్నా సరే.

చివరిది లైసెన్సు దండగన్న మాట. గూగుల్‌కి కనిపించేవి లింక్డ్‌ఇన్‌లో పబ్లిక్‌గా ఉంచిన ప్రొఫైళ్లే, అవీ ఎప్పుడో చదివి పెట్టుకున్న కాపీలు. ఉద్యోగం మారుతున్నానని రిక్రూటర్లకు మాత్రమే తెలిసేలా పెట్టుకునే సెట్టింగ్ ఒకటుంది. ఇప్పటి బాస్‌కి తెలియకూడదని చాలామంది అదే వాడతారు. అది గూగుల్ వెతుకులాటలో కనిపించదు. అయితే గూగుల్ పూర్తిగా పనికిరాదని కాదు. లింక్డ్‌ఇన్ ముఖం చూడని డెవలపర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ పేజీలకి, సొంత సైట్లలో పెట్టిన పీడీఎఫ్ రెజ్యూమెలకి, కాలేజీల ఫ్యాకల్టీ పేజీలకి సైట్ (ఒక సైట్‌లోనే వెతికేది), ఫైల్‌టైప్ (ఒక రకం ఫైళ్లనే వెతికేది) ఆపరేటర్లు బాగా పనికొస్తాయి. ఆ మెసేజ్‌లో వీటి ఊసే లేదు.