లెక్కకు అందని యాత్రికుడు

దర్శనం అయింది. కొండ దిగి, రాత్రి రైలు కోసం స్టేషన్ దగ్గర కూర్చున్న కుటుంబానికి ఉన్నట్టుండి ఒక సంచి కనబడదు. అందులో రెండు ఫోన్లు, కొంచెం డబ్బు, ఆధార్ కార్డులు, లడ్డూల కవరు. రైలుకు ఇంకా నలభై నిమిషాలే ఉంది. పోలీసుల దగ్గరకు పోయి ఫిర్యాదు రాయించాలా, ముసలివాళ్లనూ పిల్లలనూ తీసుకుని రైలెక్కాలా? చాలామంది రైలెక్కేస్తారు. ఊరికి పోయాక పక్కింటివాళ్లకు, బంధువులకు చెబుతారు: "తిరుపతి పోతే సంచులు జాగ్రత్త, మావి కొట్టేశారు." ఆ మాట పది ఊళ్లు తిరుగుతుంది. ఆ దొంగతనం మాత్రం ఏ రికార్డులోకీ ఎక్కదు.

నగరాల నేర ర్యాంకులు వచ్చిన ప్రతిసారీ మాకు ఇలాంటి కుటుంబాలే గుర్తుకొస్తాయి. ఏ నగరం భద్రం, ఏది కాదు అని టీవీల్లో చర్చ, వాట్సాప్‌లో పంపకాలు. రెండు రోజులు ఊరంతా అదే మాట. ఆ వరుస దేన్ని కొలిచిందో అడిగేవాళ్లు తక్కువ.

జాతీయ నేర నమోదు సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 1986లో ఏర్పడింది. ఏటా దేశంలో నమోదైన కేసులను లెక్కగట్టి నివేదిక ఇస్తుంది. 2023 నాటి లెక్కలు 2025 సెప్టెంబరు చివర్లో వచ్చాయి. అంటే అందులో కనబడే నగరం రెండేళ్ల కిందటిది. 20 లక్షలు దాటిన 19 మహానగరాలను అందులో విడిగా చూపించారు. లక్ష జనాభాకు కేసుల రేటు కోల్‌కతాలో 84 దగ్గర ఉంటే, కొచ్చిలో 3,000 దాటింది. ఈ అంకెలను నమ్మితే కొచ్చిలో మనిషి బయట అడుగు పెట్టకూడదు. కొచ్చికి పోయి వచ్చినవాళ్లు ఎవరైనా ఆ మాట ఒప్పుకుంటారా? ఫిర్యాదు వస్తే కేసు కట్టే అలవాటున్న చోట అంకె పెరుగుతుంది. ఫిర్యాదుదారుకు నచ్చజెప్పి పంపే చోట తగ్గుతుంది. నేరాలు పెరగడం వేరు, కేసుల నమోదు పెరగడం వేరు అని ఆ సంస్థే తన నివేదికలో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక ర్యాంకుల వార్తల్లో కనబడదు.

2020 సంగతి ఇంకా స్పష్టం. లాక్‌డౌన్‌లో జనం ఇళ్లలోనే ఉన్నా, ఆ ఏడాది దేశంలో కేసులు 28 శాతం పెరిగాయి. కారణం చాలావరకు కోవిడ్ ఆంక్షలు మీరారని పెట్టిన 188 సెక్షన్ కేసులు. మాస్కు లేకుండా రోడ్డెక్కినవాడు కూడా ఆ లెక్కలోకి వచ్చాడు. పైగా ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే వాటిలో అన్నిటికన్నా తీవ్రమైనదాన్నే లెక్కిస్తారు.

2025 ఆగస్టులో 'నారి' పేరుతో మహిళల భద్రత మీద ఇంకో నివేదిక వచ్చింది. కేసులు లెక్కపెట్టకుండా 31 నగరాల్లో 12,770 మంది మహిళలను నేరుగా అడిగారు. అందులో మన విశాఖపట్నం ముందు వరుసలో నిలిచింది. కేసుల లెక్కలో దేశంలోకెల్లా భద్రమైన మహానగరం అనిపించుకున్న కోల్‌కతా అడుగు వరుసలోకి పోయింది. వేధింపులకు గురైన ముగ్గురిలో ఒక్కరే ఫిర్యాదు చేస్తున్నారని కూడా ఆ సర్వేలో తేలింది. స్టేషన్ రికార్డుకూ మనిషి అనుభవానికీ మధ్య దూరం అంత ఉంది.

ఇక మన తిరుపతి. మహానగరాల పట్టికలో మన ఊరు లేదు, ఉండే జనాభా కూడా కాదు. 2011 లెక్కల్లో నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నది 3 లక్షల లోపు జనం. ఆ తర్వాత జనగణన పూర్తి కాలేదు. ఈ ఊరికి రోజూ 60, 70 వేల మంది యాత్రికులు వస్తారు. రద్దీ రోజుల్లో ఆ సంఖ్య లక్షకు చేరుతుంది. ఏడాదికి 2 కోట్ల పైమాటే. నేరాల రేటు కట్టేటప్పుడు కేసులను భాగించేది స్థానిక జనాభాతో. యాత్రికుడి జేబు కొట్టేస్తే, కేసంటూ కడితే, అది మన ఊరి లెక్కలో పడుతుంది. ఆ యాత్రికుడు మాత్రం జనాభాలో ఉండడు. అందువల్ల ఊరు ఉన్నదానికన్నా చెడ్డగా కనబడాలి. మరోపక్క సగం మంది ఫిర్యాదే చేయకుండా రైలెక్కేస్తే ఉన్నదానికన్నా మంచిగా కనబడుతుంది. చివరికి పట్టికలో మిగిలిన అంకె చూసి ఊరు గురించి ఏం చెప్పగలం?

ఫిర్యాదు చేసినా అది ఏ ఖాతాలో పడుతుందో చూడండి. ప్లాట్‌ఫాం మీద సంచి పోతే కేసు రైల్వే పోలీసులది, అది గుంతకల్లు రైల్వే లెక్కలోకి పోతుంది. స్టేషన్ గేటు దాటి యాత్రికుల వసతి గృహం విష్ణు నివాసం ముందు పోతే నగర పోలీసులది. కొండ మీద పోతే తిరుమల స్టేషన్లది. రైలు రేణిగుంట దాటాక గాని సంచి లేదని తెలియకపోతే, అది ఎక్కడ పోయిందో పోగొట్టుకున్నవాళ్లే చెప్పలేరు. నకిలీ దర్శనం టికెట్ల మోసమైతే ఇంకా విచిత్రం. మోసగాడు ఎక్కడో కూర్చుని వెబ్‌సైట్ పెడతాడు, డబ్బు కట్టినవాడు తన ఊళ్లో కేసు పెడతాడు, చెడ్డపేరు తిరుపతికి వస్తుంది. మన జిల్లా లెక్కలో అది ఉండదు.

పాత లెక్కలతో పోల్చి చూద్దామన్నా కుదరదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అప్పటిదాకా తిరుపతి అర్బన్ పోలీసు జిల్లా వేరు, చిత్తూరు వేరు. అప్పుడు నెల్లూరు వైపు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి మన జిల్లాలో కలిశాయి. శేషాచలంలో ఎర్రచందనం కేసులూ, శ్రీసిటీ వైపు రోడ్ల మీద జరిగేవీ, అలిపిరిలో పోయిన పర్సూ ఒకే జిల్లా మొత్తంలో చేరిపోతాయి. దుంగల స్మగ్లింగ్ పెద్ద నేరమే, కాదనం. కాని కాలినడకన కొండెక్కే భక్తుడికి దానితో పనిలేదు.

ఊరివాళ్ల భయం ఇంకో రకం. వాళ్లకు లీలామహల్ సర్కిల్‌లో రాత్రి పదకొండుకు ఆటో దొరుకుతుందా, పండక్కి తాళం వేసి పోతే ఇల్లు భద్రంగా ఉంటుందా, పొద్దున ముగ్గు వేస్తున్న అమ్మ మెడలో గొలుసు ఉంటుందా అన్నది టెన్షన్. విశ్వవిద్యాలయాల్లో చదువుకోవడానికి వచ్చిన వేలమంది అమ్మాయిల విషయం మరీ బాధ కలిగిస్తుంది. షేర్ ఆటోలో ఒకడు మీద చెయ్యి వేస్తే, ఆ అమ్మాయి చప్పుడు చేయకుండా దిగిపోతుంది. స్టేషన్‌కు పోతే ఇంటికి ఫోన్ పోతుంది, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు. ఆ భయం ముందు ఏ హెల్ప్‌లైన్ నంబరూ పనిచేయడం లేదు.

మంచి కూడా లెక్కలోకి రావడం లేదు. అర్ధరాత్రి రెండు గంటలకు తిరుమలలో షెడ్డు కింద, దుప్పటి పరుచుకుని, ముక్కూ మొహం తెలియని వేలమంది మధ్య ఆడవాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు. తప్పిపోయిన పిల్లాణ్ని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని మైకు దగ్గరకు తీసుకొస్తారు. ఇది ఈ ఊరు సంపాదించుకున్న నమ్మకం. ఆ నమ్మకాన్ని కొలిచే కాలమ్ ఏ పట్టికలోనూ లేదు.

2025 జనవరి 8 రాత్రి జరిగిందీ ఈ నేరాల లెక్కకు అందదు. వైకుంఠ ఏకాదశి టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. ఈ మధ్య కాలంలో మన ఊరికి వచ్చినవాళ్లకు జరిగిన అతి పెద్ద ఘోరం అదే. జేబుదొంగల లెక్కలు ఎంత బాగున్నా ఆ కుటుంబాలకు తిరుపతి భద్రమైన ఊరని ఎవరు చెప్పగలరు? యాత్రికుడు "క్షేమంగా వెళ్లి వచ్చాం" అంటాడే, ఆ క్షేమంలో దొంగా, క్యూ లైనూ, ఆటో చార్జీ, రాత్రి పడుకునే చోటు అన్నీ కలిసే ఉంటాయి.

కాబట్టి మేము ర్యాంకు అడగడం లేదు. ఊరు వదిలి పోతున్న యాత్రికులను బస్టాండులో, రైల్వేస్టేషన్‌లో, రేణిగుంట విమానాశ్రయంలో అడగండి: ఏమైనా పోయిందా, ఎవరైనా ఇబ్బంది పెట్టారా, ఫిర్యాదు చేశారా, చేయకపోతే ఎందుకు? హాస్టళ్లలో, వార్డుల్లో పేరు అడగకుండా ఇవే ప్రశ్నలు వేయండి. వచ్చిన జవాబులను ఏ చోట, ఏ వేళ అన్న వివరంతో మూడు నెలలకోసారి బయట పెట్టండి. ఫలానా సర్కిల్‌లో రాత్రి పది తర్వాత గొడవ ఎక్కువని తెలిస్తే అక్కడ దీపమూ కానిస్టేబులూ పెట్టవచ్చు. ర్యాంకు చూసి ఎక్కడ దీపం పెడతారు?

ఫిర్యాదు రాసుకునే చోటు మారాలి. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం బయటపడితే కేసు కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం జీరో ఎఫ్ఐఆర్‌కు, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు కట్టడానికి, దారి ఇచ్చింది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపినా మూడు రోజుల్లో సంతకం చేయాలంది. హోసూరు నుంచో నాగపూర్ నుంచో వచ్చినవాళ్లు ఆ సంతకం కోసం మళ్లీ తిరుపతి రాలేరు. రైల్వేస్టేషన్ ఎదురుగా, శ్రీనివాసం వసతి గృహం దగ్గర, అలిపిరిలో రాత్రింబవళ్లు తెరిచి ఉండే కౌంటర్లు పెట్టి, తమిళం, కన్నడం, హిందీ వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, రైలు కదిలేలోపే సంతకం తీసుకుని ఎఫ్ఐఆర్ నకలు చేతికివ్వాలి. నగర పోలీసులూ రైల్వే పోలీసులూ కలిసి ఒకే బల్ల మీద ఈ పని చేస్తే "మా పరిధి కాదు" అనే మాట ఎవరూ వినాల్సిన పని ఉండదు. పోయిన వస్తువును "పోగొట్టుకున్నారు" అని రాసి పంపడం, దొంగతనం అని రాయడం ఒకటి కాదు.

ఈ పని మొదలైతే వచ్చే ఏడాది తిరుపతిలో కేసులు పెరుగుతాయి. పెరిగాయని ఎస్ఐల మీద, జిల్లా ఎస్పీ మీద పైనుంచి ఒత్తిడి రాకుండా ప్రభుత్వం చూడాలి. పత్రికల తప్పు కూడా ఇందులో ఉంది, మాది కూడా. అంకె పెరగగానే 'పెరిగిన నేరాలు' అని పెద్ద అక్షరాలు వేసి, ఫిర్యాదు తీసుకోని స్టేషన్‌ను మెచ్చుకున్నట్టు చేశాం. కౌంటర్లు తెరిచి కేసులు కట్టిన ఏడాది మేము ఆ శీర్షిక పెట్టం. ఎన్ని ఫిర్యాదులు రాసుకున్నారు, వాటిలో ఎన్ని సంచులు తిరిగి ఇంటికి చేరాయి అని అడుగుతాం, ఆ జవాబునే మొదటి పేజీలో వేస్తాం.