వాల్ లైటుకి ‘ఏం కాదులే’ గ్యారంటీ

ఇంట్లో గోడకి లైటు బిగించుకోవడానికి మన దేశంలో రెండు ప్రమాణాలు అమల్లో ఉన్నాయి. ఒకటి, వైరింగ్ ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 732. రెండోది, తాతల కాలం నుంచి నోటిమాటగా వస్తున్న ‘ఏం కాదులే’. మొదటిది చదివినవాళ్లెవరూ మా వీధిలో నాకు తగల్లేదు. రెండోది పాటించని ఇల్లు లేదు. ప్రజాస్వామ్యంలో ఉన్నాం కాబట్టి నేను మెజారిటీ తరఫునే మాట్లాడతాను.

చట్టం కూడా మనల్ని పూర్తిగా చేతకానివాళ్ల కింద జమకట్టలేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి పాడైతే మనమే మార్చుకోవచ్చు. కొత్తగా పాయింటు వేయాలంటే మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరు చేయాలి. ఇక్కడే ఇంటి యజమాని న్యాయశాస్త్ర పాండిత్యం బయటపడుతుంది. ఆయన దృష్టిలో సోఫా వెనక గోడకి కొత్త లైటు పెట్టడమంటే పాత బల్బునే ఆరడుగులు పక్కకి జరిపి మార్చడం. ఇంటికి దీపం ఇల్లాలే అన్నారు గానీ, ఆ దీపం ‘ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామండీ’ అంటే ఆ వెలుగు ఎవరికీ కనిపించదు.

పని ఆదివారం మధ్యాహ్నం మొదలవుతుంది. భద్రతా సామగ్రి: ప్లాస్టిక్ కుర్చీ, దానిమీద స్టూలు, కాళ్లకి హవాయి చెప్పులు, నోట్లో రెండు స్క్రూలు. మెయిన్ దగ్గర బామ్మర్దిని నిలబెడతారు.

“ఒరేయ్, మెయిన్ ఆపావా?”

“ఆపాను బావా!”

సరిగ్గా ఆ క్షణంలో మూలనున్న ఇన్వర్టర్ కీచుమని ఓ కూత కూసి డ్యూటీ ఎక్కుతుంది. హాల్లో లైట్లు, ఫ్యాన్లు దాని లైన్లోనే ఉంటాయి కదా, తిరిగే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అది చూసి ఎవరికీ అనుమానం రాదు. అసలు ఇన్వర్టర్ కొన్నదే ఫ్యాను ఆగకూడదని. బ్యాటరీ నుంచి వచ్చినా అది 230 వోల్టులే, కానీ మెయిన్ ఆపేశాక ఇంట్లో మిగిలేది ‘ఉత్త ఇన్వర్టర్ కరెంటు’ అని మనవాళ్లకి దానిమీద కొంచెం చిన్నచూపు. ఎందుకైనా మంచిదని టెస్టర్ పెట్టి చూస్తారు. వెలగలేదు, కాబట్టి కరెంటు లేదు. ఆ టెస్టర్‌ని ముందు పనిచేసే ప్లగ్గులో పెట్టి అసలు వెలుగుతుందో లేదో చూడమనే చాదస్తులు కొందరుంటారు. వాళ్లకి మనుషుల మీదా నమ్మకం ఉండదు, టెస్టర్ల మీదా ఉండదు.

డ్రిల్లింగ్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. గోడలోపల వైర్ల పైపు సాధారణంగా స్విచ్‌బోర్డు నుంచి నిలువుగా పైకి వెళుతుంది. అందాల దీపం పెట్టడానికి ఇంటిల్లిపాదికీ నచ్చే చోటు సరిగ్గా స్విచ్‌బోర్డు పైనే.

ఇక ఆకుపచ్చ వైరు, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ వైరు. రెండు వైర్లతో వెలిగే లైటుకి మూడోది దేనికన్నది ఇంటి యజమాని మౌలిక ప్రశ్న. ఇత్తడి బాడీ ఉన్న ఫిట్టింగులో ఎర్త్ కోసం స్క్రూ ఇచ్చి కంపెనీవాడు అనవసరంగా ఖర్చు పెంచాడని ఆయన అభిప్రాయం. వైరుని మొదలంటా కత్తిరించి టేపు చుట్టేస్తే చూడ్డానికి నీటుగా ఉంటుంది. రేపు లోపల కరెంటు తెచ్చే ఫేజు వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే? ‘ఎంసీబీ ఉందిగా!’

ఉంది, కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు, 6 ఆంపియర్లది. అది కాపాడేది వైర్లని. మనిషి ఒంట్లోంచి అన్ని ఆంపియర్లు ప్రవహించే దాకా ఆగాలంటే అది పడిపోయేలోపు మనిషే పడిపోతాడు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు లాగేది దాదాపు 40 మిల్లీఆంపియర్లు, ప్రాణం పోవడానికి అంత చాలు. 30 మిల్లీఆంపియర్లు లీకైనా కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ అనేది ఒకటుంది. ఫాల్స్ సీలింగ్‌కి లక్షలు పోసినవాళ్లకి పొదుపు గుర్తొచ్చేది దాని దగ్గరే. ఒకవేళ బిల్డరే పెట్టిచ్చినా, మాటిమాటికీ పడిపోతోందని చెప్పి బైపాస్ చేయిస్తారు, దొంగ వచ్చినప్పుడల్లా మొరుగుతోందని కుక్కని తోలేసినట్టు.

ఇన్ని గండాలు దాటి లైటు వెలిగింది. ఫొటోలు తీశారు, వాట్సాప్ స్టేటస్‌లు పెట్టారు. రాత్రి స్విచ్చాపితే మాత్రం పూర్తిగా ఆరలేదు, మిణుకుమిణుకుమంటోంది. స్విచ్చుకి ఫేజు బదులు కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు ఇచ్చేస్తే ఇలా జరగొచ్చు. అంటే స్విచ్చు ఆపినా హోల్డర్లో కరెంటు అలాగే ఉంటుంది. బామ్మర్ది ఇదే అనుమానం బయటపెట్టబోయాడు.

“ఏం కాదులేరా,” అన్నాడు బావ. “బెడ్ లైటు వేరే కొనక్కర్లేదు.”