లొకేషన్ ప్రిఫరెన్స్‌లో చెన్నైని మూడో నంబరులో పెట్టకండి

ఆఫర్ లెటర్లు వచ్చే సీజన్ మొదలైందంటే నెల్లూరు, కావలి, ఒంగోలు పిల్లల నుంచి నాకు ఒకటే మెసేజ్. "అక్కా, లొకేషన్ ప్రిఫరెన్స్ అడుగుతున్నారు. ఏం పెట్టమంటావు?" నన్ను అడిగేలోపే ఒకటో నంబరులో హైదరాబాద్, రెండో నంబరులో బెంగళూరు అనుకునేసి ఉంటారు. మూడో గడి ఖాళీగా వదిలితే ఫారం సబ్మిట్ కాదు కాబట్టి అందులో చెన్నై.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే చెప్పేస్తున్నాను. నెల్లూరు జిల్లా నుంచి, ఒంగోలుకు కింద హైవే పట్టుకుని ఉన్న ఊళ్ల నుంచి పెళ్లి కాకుండా ఒంటరిగా ఉద్యోగానికి వెళ్లేవాళ్లు చెన్నైని ఒకటో నంబరులో పెట్టాలి. ఆడపిల్లలైతే మరీ ముఖ్యంగా. నేను హైదరాబాద్‌లో పని చేశాను, ఇప్పుడు చెన్నైలో చేస్తున్నాను. రెండు ఊళ్లలోనూ హాస్టల్ తిండి తిన్నాను, రెండు ఊళ్లలోనూ టులెట్ బోర్డుల వెంట తిరిగాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

హైదరాబాద్ మీద నాకు కోపం లేదు. నాకు మొదటి జీతం ఇచ్చిన ఊరు. కానీ మన పిల్లలకు అక్కడ ఎలాంటి బతుకు దొరుకుతుందో ఒకసారి చూడండి. ఎస్సార్ నగర్‌లో నేనున్న హాస్టల్ గదిలో నాలుగు మంచాలు. ఫ్యాను కింద ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తాడు, దాని మీద నలుగురి తడి బట్టలు. ఒకమ్మాయిది కావలి, ఒకమ్మాయిది పొదిలి, ఇంకొకమ్మాయిది నెల్లూరులో మా వేదాయపాళెం పక్క వీధే. రాత్రిళ్లు మాట్లాడుకునేది మన ఊరి కబుర్లు, తినేది ఎవరో ఒకరి ఇంటి నుంచి వచ్చిన పచ్చడి. మొదటి నెలలో అది ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు. కానీ ఏళ్లు గడిచినా మన చుట్టూ అదే మాట, అదే మనుషులు. ఇల్లు వదిలి వచ్చామన్న మాటే గానీ, ఇంటి బయటి లోకం మనకు అంటదు.

పైగా బంధువులు. కూకట్‌పల్లిలో పిన్ని, దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్దమ్మ కూతురు, మియాపూర్‌లో నాన్న స్నేహితుడు. వీళ్లందరూ మంచివాళ్లే, జ్వరం వస్తే చూసేది వాళ్లే. కానీ ప్రతి ఆదివారం ఎవరో ఒకరి ఇంటికి వెళ్లకపోతే అలకలు. వెళ్తే సోఫాలో కూర్చున్న ఐదు నిమిషాలకు సంబంధాల మాట మొదలు. రాత్రి పదింటికి ఫోన్ ఎత్తకపోతే ఆ కబురు పదింబావుకల్లా నెల్లూరులో అమ్మకు చేరుతుంది. వెంటనే అక్కణ్నుంచి ఫోన్. "యాడుండావ్ పాపా, పిన్ని ఫోన్ ఎత్తలేదంట?"

నెల్లూరు నుంచి హైదరాబాద్ సుమారు 450 కిలోమీటర్లు. చెన్నై 175 దాకా ఉంటుంది. రెండున్నర రెట్లు దగ్గర ఉన్న చెన్నైలో నాకు స్వేచ్ఛ ఎక్కువ. ఈ విషయం మన ఇళ్లలో ఎవరికీ తట్టదు. చెన్నైలో మా చుట్టాలు లేకపోలేదు, కానీ కాలనీకొకరు లేరు. ఆదివారం నాది. ఏం వండుకుంటాను, ఎప్పుడు నిద్ర లేస్తాను, బీసెంట్ నగర్ బీచ్‌కు ఎవరితో వెళ్తాను అన్నది నా ఇష్టం. అదే సమయంలో అమ్మ వండిన చేపల పులుసు నాకు చేరడానికి ఒక్క పూట చాలు. మన పులుసు రాత్రి వండి మర్నాడు తింటేనే రుచి. అమ్మ రాత్రి పొయ్యి మీద నుంచి దించి, పొద్దున్నే స్టీలు క్యారియర్‌లో సర్ది, పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కే మనిషికి ఇస్తే మధ్యాహ్నం నేను సెంట్రల్ స్టేషన్‌లో అందుకుంటాను. ఆ పూట అది సరిగ్గా తినే పదునులో ఉంటుంది.

నిరుడు ఒక రాత్రి నాన్నకు ఆయాసం వచ్చింది. అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను భోజనం చేస్తున్నాను. చెయ్యి కడుక్కుని, ఆటో ఎక్కి మాధవరం వెళ్లాను. చెన్నైలో ఆంధ్రా బస్సులు బయల్దేరేది అక్కడినుంచే. నెల్లూరు బస్సు సిద్ధంగా ఉంది. రెడ్ హిల్స్, గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు... ప్రతి ఊరూ తెలిసిన ఊరే. తెల్లవారకముందే ఆసుపత్రిలో నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన ఇప్పుడు బాగున్నారు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మా రూమ్‌మేట్‌కు ఇలాంటి ఫోనే వచ్చింది. సింహపురి ఎక్స్‌ప్రెస్ అప్పటికే వెళ్లిపోయింది, ప్రైవేటు బస్సుల్లో సీట్లు లేవు. ఆ పిల్ల రాత్రంతా మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తూనే ఉంది. వందే భారత్ వచ్చాక, అంటే 2023 ఏప్రిల్ నుంచి, సికింద్రాబాద్ నుంచి నెల్లూరుకు పగటిపూట సుమారు ఆరు గంటల్లో చేరుతున్నాం, నిజమే. కానీ కష్టం టైమ్ టేబుల్ చూసుకుని రాదు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి, హైవే కూడా తెగినప్పుడు హైదరాబాద్ నుంచి రావాల్సిన మన పిల్లలు ఎంత అల్లాడారో మీకు గుర్తుండే ఉంటుంది.

ఒంటరిగా ఉండే పిల్లలకు ఏ బాధ్యతా ఉండదనుకుంటారు. మన ఇళ్లలో జరిగేది దీనికి రివర్స్. అన్నకు పెళ్లైంది, పిల్లలు ఉన్నారు, సెలవు దొరకదు. కాబట్టి అమ్మ కంటి ఆపరేషన్‌కు తిరిగేది పెళ్లి కాని చిన్నదే. నెల్లూరు వాళ్లకు పెద్ద జబ్బు వస్తే ఇప్పటికీ దారి చెన్నైకే. కళ్లకు శంకర నేత్రాలయ, క్యాన్సర్ అంటే అడయార్ ఇన్‌స్టిట్యూట్. నేను చెన్నైలో ఉంటే అమ్మ పొద్దున బండెక్కి వస్తుంది, నేను సగం రోజు సెలవు పెట్టి చూపిస్తాను, రాత్రికి నా గదిలోనే పడుకుంటుంది. నేను హైదరాబాద్‌లో ఉంటే అదే పని కోసం రెండు రాష్ట్రాలు దాటి రావాలి, మళ్లీ లాడ్జిలో దిగాలి.

"చెన్నైలో తెలుగు లేదు కదక్కా" అంటారు. లేకపోవడమే మంచిదైంది. కూరగాయల బండి దగ్గర, బస్సులో, ఇంటి ఓనరమ్మతో మాట్లాడుతూ నేర్చుకున్న తమిళం ఇప్పుడు నాకు ఆఫీసులో కూడా పనికొస్తోంది. మొదట్లో తప్పులు మాట్లాడాను, అందరూ సరిదిద్దారు, అంతే. మన తాతల కాలంలో నెల్లూరు వాళ్లకు ఇదేమీ వింత కాదు. కాలేజీ చదువుకైనా, కోర్టు పనికైనా, పెళ్లి పట్టుచీరలకైనా వాళ్లు వెళ్లింది మద్రాసే. మన జిల్లా ఎవరి పేరు మోస్తోందో ఆ పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలింది ఆ ఊళ్లోనే. 1953లో రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం రాలేదు. అంతటి అనుబంధం ఉన్న ఊరిని మన తరం పరాయి ఊరిలా చూడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది. హైదరాబాద్ కూడా 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని కాకుండా పోయింది. చట్టం ప్రకారం మనకు ఇప్పుడు రెండూ పొరుగు రాష్ట్రాల రాజధానులే.

ఆడపిల్లల బస్సు సంగతి చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది, కానీ తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు చూపించాలి. మన నెల్లూరు ఆధార్‌తో టికెట్ కొట్టించుకోవాల్సిందే. తమిళనాడులో 2021 మే నుంచి ఆర్డినరీ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. నేను ఎక్కినప్పుడు కండక్టర్ నాది ఏ ఊరని ఎప్పుడూ అడగలేదు. నెల జీతంలో ఇది చిన్న మొత్తమే, కానీ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు చిన్న మొత్తాలే లెక్క.

చెన్నైలో కష్టాలు లేవని నేను అనను. ఇల్లు దొరకడం కష్టం. ఫోన్ ఎత్తగానే ఫ్యామిలీయా అని అడుగుతారు, కాదంటే సగం మంది పెట్టేస్తారు. మిగిలిన సగంలో కొందరు మాంసం వండకూడదంటారు. చేపలు లేకుండా మనవాళ్లు ఎన్ని రోజులుంటారు? నాకు ఒకాయన గది చూపించి, అడ్వాన్స్ మాట్లాడుకుని, సామాను తెచ్చుకునే రోజు ఉదయం "ఒంటరి అమ్మాయికి ఇవ్వొద్దని మా ఆవిడ అంటోంది" అన్నాడు. ఆ రోజు ఆటోలో పరుపు పెట్టుకుని స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. కోపం ఇంకా తగ్గలేదు. పెళ్లి కాని మనిషి జీతం నోటు చెల్లుతుంది, మనిషి మాత్రం చెల్లదా? అయితే హైదరాబాద్‌లో కూడా "ఫ్యామిలీస్ ఓన్లీ" బోర్డు తక్కువేం కాదు. బెంగళూరులో అడ్వాన్స్ అని నెలల తరబడి అద్దె ఒకేసారి అడుగుతారు, కొత్త ఉద్యోగి దగ్గర అంత డబ్బు ఎక్కడుంటుంది?

ఇంకో నిజం, ఓఎంఆర్, అంటే పాత మహాబలిపురం రోడ్డు. ఐటీ ఆఫీసులు ఎక్కువగా ఊరికి దక్షిణాన, షోళింగనల్లూరు, సిరుసేరి వైపు ఉన్నాయి. మన రైళ్లు ఆగే సెంట్రల్, మన బస్సులు ఆగే మాధవరం రెండూ ఉత్తరాన. శుక్రవారం సాయంత్రం ఆ ట్రాఫిక్‌లో పడితే బండి అందదు. మాధవరం నుంచి సిరుసేరి సిప్‌కాట్ దాకా మెట్రో లైను కడుతున్నారు, అది పూర్తయితే మనవాళ్ల దశ తిరిగినట్టే. అప్పటిదాకా రైలు స్టేషన్ పక్కన గది తీసుకోండి. నేను ఆదంబాక్కంలో ఉంటున్నాను. నడిచి వెళ్తే సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్, అక్కడ మెట్రో ఎక్కితే నేరుగా సెంట్రల్.

బెంగళూరు గురించి ఎక్కువ చెప్పను. స్టార్టప్‌లో చేరాలి, రెండేళ్లకోసారి కంపెనీ మారాలి అనుకునేవాళ్లకు దాన్ని మించింది లేదు, వెళ్లండి. మారతహళ్లిలో ఆంధ్రా మెస్సులు, ఆంధ్రా పీజీలు కావలసినన్ని. మార్కాపురం, గిద్దలూరు వైపు పిల్లలకు నేను చెన్నై చెప్పను. వాళ్ల రైలు దారి వేరు, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మార్కాపురం రోడ్డు మీదుగా నేరుగా బెంగళూరు వెళ్తుంది. ఒంగోలు వాళ్లకు అద్దంకి, నార్కెట్‌పల్లి రోడ్డు పట్టుకుంటే హైదరాబాద్, హైవే పట్టుకుంటే చెన్నై ఇంచుమించు ఒకటే దూరం. వాళ్లు ఉద్యోగం చూసుకుని తేల్చుకోవాలి. గ్రూప్స్‌కు చదివేవాళ్లు కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్ నగర్ వెళ్తామంటే నేను కాదనను. మెకానికల్, డిప్లొమా చదివిన పిల్లలు మాత్రం ఎస్సార్ నగర్‌లో కూర్చుని సాఫ్ట్‌వేర్ కోర్సులు చేస్తుంటే ఉండబట్టలేను. కార్ల ఫ్యాక్టరీలున్న శ్రీపెరంబుదూరు, ఒరగడం చెన్నై పక్కనే. తడ దాటగానే శ్రీసిటీ. మీ చదువుకు పని ఉన్న చోటు అది.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మా అమ్మ నెల్లూరు రొట్టెల పండుగలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి నా కోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంది. ఉద్యోగం వచ్చాక మొక్కు తీర్చి, అక్కడే పెళ్లి రొట్టె పట్టుకుంది. ఆమె ప్రేమ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ రెండు రొట్టెల మధ్య ఉన్న నాలుగైదేళ్లు మీ అమ్మాయివి. ఆ కాలంలో తన గది తాను వెతుక్కోవాలి, గ్యాస్ బండ తాను మార్చుకోవాలి, ఓనరుతో తాను మాట్లాడుకోవాలి. "పిన్ని ఉంది కదా, హైదరాబాద్ అయితే మాకు టెన్షన్ ఉండదు" అని ఊరిని మీరే తేల్చేయకండి.

చెన్నై ఖాయం చేసుకున్నవాళ్లు గది చూసేటప్పుడు కింది అంతస్తు తీసుకోకండి. 2015 వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్లికరణై వైపు నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి. ఆ వీధిలో ఇస్త్రీ బండి ఆయన్నో, కిరాణా కొట్టు ఆమెనో అడిగితే నీళ్లు ఎంతవరకు వచ్చాయో చేత్తో చూపిస్తారు. అడ్వాన్స్ పది నెలలని అంటే వెంటనే తలూపకండి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప మూడు నెలల అద్దెకు మించి అడగకూడదని తమిళనాడు అద్దె చట్టంలో ఉంది. ఆ మాట మర్యాదగా చెప్పి, అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ఆడపిల్లలు తాంబరం, గూడువాంచేరిలో ప్రభుత్వం నడిపే తోళి హాస్టళ్లలో ఖాళీ ఉందేమో ముందు అడగండి. ఎవరైనా గది చూడటానికి తోడు కావాలంటే మెసేజ్ పెట్టండి, శనివారాలు నేను ఖాళీ.