గేటుకు అతుక్కున్న జరిమానా నోటీసు గారికి

నమస్కారం.

మీరు మా గేటుకు అతుక్కుని ఇరవై రోజులైంది. మిమ్మల్ని పీకితే రంగు కూడా ఊడేలా ఉంది. పెచ్చులూడిన గేటుకు ఇంకో నోటీసు వస్తుందేమోనని ముట్టుకోలేదు.

పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగిందనీ, పాత డ్రమ్ములో నీళ్లు నిలిచాయనీ, ఇరుగుపొరుగుకు ఇబ్బంది అనీ రాశారు. నిజమే. చదివిన రోజే డ్రమ్ము బోర్లించి, గడ్డి కోయించేశాను. అయితే మీరిచ్చిన గడువు 15 రోజులు. వాతావరణం వెచ్చగా ఉంటే దోమ గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. నేను మీ మాట ప్రకారం ఆఖరి రోజుదాకా ఆగి ఉంటే ఒక తరం మమ్మల్ని కుట్టేసి, రెండో తరానికి గుడ్లు కూడా పెట్టేది. దోమల మీద ఇంత దయ ఉన్నవాళ్లని నేను చూడలేదు.

గడువులోగా సర్దితే జరిమానా లేదన్నారు. సర్దాను. కానీ సర్దానని చూసి రాసుకునే మనిషి రావాలిగా! ఆయన వచ్చేదాకా మీ లెక్కలో మా డ్రమ్ము నిండుగానే ఉంది, రోజుకింత చొప్పున మీటరు తిరుగుతోంది.

అసలు ఫిర్యాదు చేసింది నేనే, గోడ అవతలి ఖాళీ స్థలం మీద. అక్కడున్నది గడ్డి కాదు, అడవి. చూడ్డానికొచ్చిన ఇన్‌స్పెక్టర్ గారు అందులోకి అడుగుపెట్టలేక మా గోడెక్కారు. దిగుతుంటే మా డ్రమ్ము కంటబడింది.

ఆ స్థలానికీ మీ అన్నదమ్ములు ముగ్గురు వచ్చారులెండి. ఒకరు ఎండకు వెలిశారు, ఒకరు వానకు నానారు, మూడో ఆయన్ని తీగ కప్పేసింది. ఓనరు మీ రికార్డులో ఉన్న చిరునామాలో లేడు. కట్టకపోతే ఆస్తి పన్నులో కలుపుతాం, మేమే శుభ్రం చేయించి ఖర్చు స్థలం మీద బాకీ రాస్తాం అని మీ అడుగున చిన్నక్షరాల్లో ఉంది. ఆయనకేం టెన్షన్? స్థలం అమ్మిన రోజు పెరిగిన ధరలో నుంచి ఆ బాకీ పారేస్తాడు. అప్పటిదాకా పాములు మావి.

తనిఖీకి మనిషిని పంపండి. గేటు తీసే ఉంచుతాను. గోడ మాత్రం ఎక్కనివ్వను.

ఇట్లు,
బోర్లించిన డ్రమ్ము తాలూకు మనిషి