దిష్టి తీసే ఎండుమిరపకాయలకి ఒక తండ్రి ఉత్తరం

ఎండుమిరపకాయ గార్లకి,

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి రాయునది ఏమనగా, మేమిక్కడ దగ్గుతూ క్షేమం, మీరు మా వంటింట్లో స్టీలు డబ్బాలో క్షేమమని తలుస్తాను. ఆ మధ్య ఒక ఆదివారం రాత్రి మీలో అయిదుగుర్ని గ్యాస్ స్టవ్ మీద మాడ్చేశాం, ముందుగా వాళ్ళకి నా సంతాపం.

అసలేం జరిగిందో మీకు తెలీదు పాపం, మిమ్మల్ని చివర్లోనే కదా పిలుస్తారు. ఆ రోజు నాలుగున్నరేళ్ళ మావాడు మధ్యాహ్నం కునుకు తీయలేదు, సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే సబ్‌మెరైన్ ఎక్కాడు, ఇసుకలో దొర్లాడు, మురీ మిక్చర్ తిన్నాడు, ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, ఇంక ఫోన్లో బొమ్మలు చూసీ చూసీ పడుకునేసరికి పది. పదకొండుంపావుకి ఒక్క కేక. అది ఏడుపు కాదండీ, కేక. వెళ్ళి చూస్తే మంచం మీద కూర్చునున్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి, ఒళ్ళంతా చెమట, గుండె దడదడలాడిపోతోంది, "అమ్మా అమ్మా" అని అరుస్తున్నాడు, వాళ్ళమ్మ దగ్గరికి తీసుకుంటే ఆవిడ్నే తోసేస్తున్నాడు. నన్ను చూశాడు కానీ నేను కనపడలేదు వాడికి. ఆ చూపు మాత్రం నాకింకా గుర్తుంది.

మేం ఏం చేశామంటే, చెయ్యకూడనివన్నీ వరసపెట్టి చేశాం. ఇంట్లో లైట్లన్నీ వేశాం, భుజాలు పట్టుకుని కుదిపాం, మొహాన నీళ్ళు కొట్టాం. పైఫ్లోర్ ఆంటీ వచ్చేశారు. విషయం విని "యుద్ధాలు చూసిన ఓడ బాబూ అది, లోపల ఏం తిరుగుతున్నాయో ఏంటో" అన్నారు. అయ్యా, వాడెక్కిన ఆ కుర్సురా సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరి 2001లో రిటైరై 2002 నుంచి ఒడ్డున కూర్చుని పిల్లలకి టికెట్ల మీద దర్శనం ఇస్తున్న పెద్దమనిషి, మావాడి మీద దానికేం పగ?

అప్పుడు మా అమ్మ మిమ్మల్ని దింపింది. "ఏట్రా అలా చూస్తావు, పిల్లోడు దడుసుకున్నాడు, డబ్బా తియ్యి" అంది. రాళ్ళుప్పుతో కలిపి గుప్పెట్లో పట్టుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అంటూ మూడుసార్లు తిప్పి మిమ్మల్ని మంట మీద వేసింది. ఉప్పు చిటపటలాడింది, మీరు మాడారు, అందరం దగ్గాం, పైఫ్లోర్ ఆంటీ ఇంటికెళ్ళిపోయారు (ఇది మాత్రం మీ పుణ్యమే), ఈలోగా వాడు గభాల్న పక్కకి ఒరిగి నిద్రపోయాడు. మొత్తం పది నిమిషాలు. "చూసేవా" అంది అమ్మ. పొద్దున్నే లేచి ఏమీ జరగనట్టు దోశ అడిగాడు. రాత్రి ఎందుకరిచావురా అంటే "నేనా?" అన్నాడు.

ఇక్కడే మీతో నా పేచీ. ఆ తర్వాత పిల్లల డాక్టరు గారు చెప్పింది ఏంటంటే దీన్ని నైట్ టెర్రర్స్ అంటారంట, నిద్రపట్టిన గంట నుంచి మూడు గంటల్లోపు, గాఢనిద్రలోంచి మెదడు సగం లేచి సగం లేవకపోతే వస్తుందంట. లో వోల్టేజీలో ట్యూబ్‌లైటు కొట్టుకోవడం చూశారుగా, అదే. మామూలుగా కొన్ని నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది. పీడకల వేరు, అది తెల్లారుజాము వైపు ఎక్కువ వస్తుంది, పిల్లాడు నిజంగా లేస్తాడు, ఏనుగు తరిమింది అని కథ చెప్తాడు, ఎత్తుకుంటే ఊరుకుంటాడు. ఇందులో వాడు లేవనే లేదు, ఊరుకోబెట్టడానికి మనం ఎవరం? అంటే మీరు మాడడానికి పట్టే టైమూ వాడు సర్దుకోడానికి పట్టే టైమూ ఇంచుమించు ఒకటే. మీ మహిమంతా అదే. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదన్న ముసలమ్మ మీకు మేనత్త అవుతుందనుకుంటా.

ఆ డాక్టరు గారు మీ పేరు ఎత్తలేదు, ఏమీ అనుకోకండి. గురక పెడతాడా, టాన్సిల్స్ ఉన్నాయా, ఈ మధ్య జ్వరం వచ్చిందా, ఎన్నింటికి పడుకుంటాడు అని అడిగారు. చేతులూ కాళ్ళూ బిగుసుకుపోయి కొట్టుకోవడం, నోట్లోంచి చొంగ కారడం, అరగంట దాటినా ఆగకపోవడం, పగలు కూడా తూగుతూ ఉండడం లాంటివి ఉంటే మాత్రం వెంటనే రమ్మన్నారు, ఈసారి వస్తే ఫోన్లో వీడియో తీసి చూపించమన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా నిద్రలో నడిచే అలవాటుందా అన్నారు. లేదండీ అని నేను అంటూనే ఉన్నాను, పక్కనుంచి మా అమ్మ, "ఎందుకు లేదు, ఈడే! ఆరేళ్ళప్పుడు నిద్దట్లో తలుపు తీసుకెళ్ళి పక్కింటోళ్ళ గేటు మీద ఉచ్చ పోసొచ్చేవాడు, ఇలాగే దిష్టి తీస్తే పదేళ్ళకి తగ్గింది." ముప్ఫై ఏళ్ళు దాచిన రహస్యం అలా బయటపడింది. ఇవి వంశంలో వస్తాయంట, చాలామందికి పెద్దయ్యేకొద్దీ పోతాయంట. నాలుగేళ్ళు తిప్పితే మిరపకాయలేంటి, బెండకాయలు తిప్పినా పోయేది.

మళ్ళీ వస్తే చెయ్యాల్సింది చాలా తక్కువ. లేపకూడదు, కుదపకూడదు, మంచం మీంచి పడకుండా, గోడకి కొట్టుకోకుండా చూసుకుంటూ పక్కన కూర్చోవాలి. ఇంతే. చెప్పడానికి ఎంత తేలికో, కన్నబిడ్డ అలా అరుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అంత నరకం, నిజం చెప్పాలంటే ఆ పది నిమిషాలూ మీరు వాడి కోసం మాడట్లేదు, మా కోసం మాడుతున్నారు. దడుపు వాడికి పొద్దున్నకి గుర్తే లేదు, మాకే వారం పట్టింది.

రోజూ ఒకే టైముకి వస్తుంటే దానికి పావుగంట, అరగంట ముందే మెల్లిగా కదిపి లేపి మళ్ళీ పడుకోబెట్టమన్నారు, రెండు నుంచి నాలుగు వారాలు. అలా నేను పదకొండు కాకముందే వాణ్ణి లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్తున్నా. అసలు మందు మాత్రం నిద్ర చాలినంత పోవడమే అన్నారు, నిద్ర తక్కువైన పిల్లలకే ఇది ఎక్కువ అంట. సరే, ఎనిమిదిన్నరకి పడుకోబెడదాం అని నేను ఇంట్లో ప్రకటిస్తే ఒక్కరు వినలేదు. ఈ ఊళ్ళో ఎనిమిదిన్నరకి బీచ్ రోడ్డు అప్పుడే ఒళ్ళు విరుచుకుంటుంది, పిల్లలెవరు పడుకుంటారు?

విన్నది మా అమ్మ ఒక్కతే. తన పద్ధతిలో. రోజూ ఎనిమిదింటికి టీవీ ఆపించి వాడికి మీతో దిష్టి తీస్తోంది. తీశాక ఫోన్ ముట్టుకుంటే దిష్టి తిరిగొస్తుందంట, లైటు వేస్తే అసలు పోదంట. నేను కొన్న నైట్‌ల్యాంప్‌కి కూడా పర్మిషన్ లేదు. ఎనిమిదిన్నరకల్లా ఇల్లంతా చీకటి, వాడు నిద్ర. మూడు వారాలైంది, ఒక్క కేక లేదు.

నేను పదకొండింటికి లేపుతున్న సంగతి ఎవరికీ పట్టలేదు. డాక్టరు గారి ఊసే లేదు. మొత్తం క్రెడిట్ మీదే. నిన్న అమ్మ రైతు బజార్ నుంచి అరకిలో తెచ్చింది, పైఫ్లోర్ ఆంటీ పావుకిలో అప్పు తీసుకున్నారు.

ఇట్లు,
దగ్గుతూ,
వాళ్ళ నాన్న

తా.క.: రాళ్ళుప్పుకి విడిగా రాస్తాను.