గంజాయికి లైసెన్సులా? వద్దు

మందులకూ పరిశ్రమలకూ గంజాయి సాగును అనుమతించాలని 2024 సెప్టెంబరులో హిమాచల్‌ప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. దాంతో మాకు పేచీ లేదు. వైద్య అవసరాలకు, నార తీయడానికి ప్రభుత్వ అనుమతితో పండించుకునే వీలు 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్)లోనే ఉంది. కానీ ఇలాంటి తీర్మానాల చాటున ఇంకో వాదన బలం పుంజుకుంటోంది. సరదాకి తాగడాన్నీ చట్టబద్ధం చేసేస్తే పన్నులొస్తాయట, మాఫియా మాయమవుతుందట. ఈ వాదనను మేం గట్టిగా వ్యతిరేకిస్తున్నాం.

వాళ్లు చెప్పే షరతులు వినడానికి బాగానే ఉంటాయి. లైసెన్సు ఉన్న షాపులోనే అమ్మాలి, 21 ఏళ్లు నిండినవాళ్లకే ఇవ్వాలి. మద్యానికి ఇప్పుడున్న షరతులు కూడా ఇవే కదా! అయినా ఏ పల్లెకు వెళ్లినా బడ్డీకొట్టు వెనక క్వార్టర్ సీసా, వాటర్ ప్యాకెట్, ప్లాస్టిక్ గ్లాసు సిద్ధంగా ఉంటాయి. కొనేవాడి వయసు అడిగిన బెల్టు షాపు ఎక్కడైనా ఉందా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1995లో మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 1997లో, దాన్ని సడలించేశారు. అప్పటినుంచి ఏ పార్టీ గద్దెనెక్కినా మద్యం రాబడి లేకుండా బడ్జెట్ వేయలేకపోతోంది. గంజాయి మీద కూడా ఖజానా ఆధారపడిందంటే దాన్ని అదుపు చేసే నాథుడు ఉండడు.

‘మన పెద్దవాళ్లు తాగలేదా, ఏమైంది’ అంటారు. వాళ్లు తాగిన సరుకు వేరు. మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం అమెరికాలో పట్టుబడిన గంజాయిలో 1995లో సుమారు 4 శాతం ఉంటే, 2021 నాటికి 15 శాతానికి చేరింది. షాపుల్లో అమ్మే గాఢమైన రకాల్లో ఇది 60 శాతం కూడా దాటుతుంది. ఘాటైన గంజాయిని రోజూ తాగేవారికి సైకోసిస్, అంటే లేని మాటలు వినపడటం, ఎవరో వెంటాడుతున్నారన్న భయం లాంటి జబ్బు వచ్చే అవకాశం తాగనివారి కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువని ప్రధానంగా యూరప్‌లో జరిగి 2019లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతుంది. పదహారేళ్లకే ఈ అలవాటు పడిన కుర్రాడికి జరిగే నష్టాన్ని ఏ పన్ను పూడుస్తుంది? లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఆ కుర్రాణ్ని పట్టుకుని తల్లిదండ్రులు ఎక్కడికి పోవాలి?

ఇక చాక్లెట్ల సంగతి. హైదరాబాద్ శివార్లలోని పాన్ డబ్బాల్లో గంజాయి చాక్లెట్లు ఇప్పటికే పట్టుబడుతున్నాయి. పొగ పీలిస్తే మత్తు నిమిషాల్లో తెలుస్తుంది. తింటే మాత్రం అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదనుకుని ఇంకోటి తింటారు. చిన్నపిల్లలకైతే అది మామూలు చాక్లెట్టే, దొరికితే మొత్తం తినేస్తారు. అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు ఇలాంటివి తిన్న కేసులు 2017లో 207 నమోదైతే 2021లో 3,054 నమోదయ్యాయి. ఆ మధ్యకాలంలోనే అక్కడ ఒక్కో రాష్ట్రం అమ్మకాలకు తలుపులు తెరిచింది.

రోడ్ల మీద పరిస్థితి ఇంకా కష్టం. మద్యం తాగి బండి నడిపేవాడు గొట్టంలోకి ఊదితే అంకె పడుతుంది, 30 దాటితే కేసు. గంజాయికి అలా నమ్మదగిన అంకె లేదు. టీహెచ్‌సీ ఒంట్లోని కొవ్వులో చేరుతుంది. రోజూ తాగేవారి మూత్రంలో దాని ఆనవాళ్లు వారాల తరబడి కనిపిస్తాయి. టెస్టులో పాజిటివ్ వచ్చినవాడు ఇప్పుడు మత్తులో ఉన్నాడా, పోయిన వారం తాగాడా అన్నది కానిస్టేబుల్ ఎలా తేల్చాలి? 2023లో ఒక్క ఏడాదే మన రోడ్లు 1.72 లక్షల మందిని బలి తీసుకున్నాయి. స్కూల్ ఆటో డ్రైవర్ మత్తులో ఉన్నాడో లేడో చెప్పలేని స్థితిలో అమ్మకాలకు అనుమతివ్వడం దుస్సాహసం.

థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది. నిబంధనలు తర్వాత చూసుకుందాం అనుకునేలోపే వేల దుకాణాలు వెలిశాయి. మూడేళ్లకు, 2025 జూన్‌లో, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తగ్గింది. మాఫియా సంగతంటారా, అమ్మకాలు చట్టబద్ధమైన కాలిఫోర్నియాలో దొంగ సరుకు ఇప్పటికీ జోరుగా నడుస్తోంది. పన్ను కట్టని గంజాయి చౌక మరి.

అలాగని జేబులో రెండు పొట్లాలు దొరికిన విద్యార్థిని జైల్లో పెట్టమని మేం అనడం లేదు. కొద్ది మోతాదుతో దొరికినవారు సర్కారు గుర్తింపున్న కేంద్రంలో తమంతట తాము చికిత్సకు చేరితే విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. ఆ సంగతి స్టేషన్లో ఎందరు పోలీసులు చెబుతున్నారు? చెప్పినా, జిల్లా ఆసుపత్రుల్లో డీఅడిక్షన్ పడకలేవి? 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. గంజాయి బ్యాగు మోసి దొరికిపోయే పాడేరు, చింతపల్లి కుర్రాళ్ల వెనక పెట్టుబడి పెట్టినవాళ్లు మాత్రం అరుదుగా చిక్కుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందు ఆ పడకలు వేయాలి, ఆ పెట్టుబడిదారుల్ని పట్టుకోవాలి, మన్యంలో కాఫీకీ మిరియాలకూ పసుపుకూ రైతు నిలదొక్కుకునే ధర ఇప్పించాలి.