గీజర్ మీది స్టిక్కర్ గారికి

"2000 వాట్లు, 230 వోల్టుల వద్ద" అని ఒంటి మీద రాసుకున్న మహారాజశ్రీ స్టిక్కర్ గారికి నమస్కారాలు.

ముక్కోటి ఏకాదశి నాడు తెల్లవారుజామున మా ఇంటిల్లిపాది తలస్నానాలు ఎంత వైభవంగా జరిగాయో గోడ మీద నుంచి తమరు చూసే ఉంటారు. మా అత్తయ్య గారు ఒక్క చెంబు పోసుకుని "దీనికన్నా కోనేరే నయం" అన్నారు. ఉత్తర ద్వారం ముందు అందరం తుమ్ముతూ నిలబడ్డాం.

ఆ మధ్యాహ్నమంతా సర్వీసు అబ్బాయికి అంకితం. "దారిలో ఉన్నా సార్" అంటూనే సాయంత్రం చేశాడు. వచ్చి, మూత కూడా విప్పకుండా, "కాయిల్ వీకైపోయింది, మార్చాలి" అన్నాడు. విజిటింగ్ ఛార్జీ మాత్రం మరిచిపోలేదు.

పక్కింటి ఎలక్ట్రీషియన్ బాబాయి క్లాంప్ మీటర్ (వైరు కోయకుండానే కరెంటు కొలిచేది) తెచ్చి ఫేజు వైరుకి తగిలించాడు. వోల్టేజీ 170, కరెంటు 6.4 ఆంపియర్లు. 170ని 6.4తో భాగిస్తే నిరోధం సుమారు 26.5 ఓములు. ఇక తమరి లెక్క: 2000 వాట్లని 230 వోల్టులతో భాగిస్తే 8.7 ఆంపియర్లు, 230ని దానితో భాగిస్తే 26.4 ఓములు. అంటే కాయిల్ కొన్ననాడు ఎలా ఉందో నేడూ అలాగే ఉంది. పాపం, దాన్ని ఎవరూ అనుమానించక్కర్లేదు.

మరి వాట్లు? 170 ఇంటూ 6.4, మొత్తం 1088. రెండు వేలని రాసి వెయ్యి చిల్లర! వోల్టేజీ తగ్గింది దాదాపు నాలుగో వంతు, వేడి కూడా అంతే తగ్గుతుందిలే అనుకుంటాడు మామూలు మనిషి. కానీ వోల్టేజీ తగ్గితే దానితో పాటు కరెంటూ తగ్గుతుంది. వాట్లంటే ఆ రెండిటి గుణకారం, అందుకే దెబ్బ రెండు వైపులా పడుతుంది. 15 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 50కి చేరడానికి తమరి లెక్కన 16 నిమిషాలు. మా కరెంటు లైన్ చివర 29. వోల్టుల వర్గాన్ని ఓములతో భాగించి వాట్లు తేల్చడం తమరిని అచ్చేసినవాళ్లకి రాదా? వచ్చు. అయినా "2000" అంత పెద్దగా, "230 వద్ద" అన్నది చీమ తలకాయంత!

తమరి పక్కన వెలిగే నక్షత్రాల లేబుల్ గారి పని, కాగిన నీళ్లు ఎంత నెమ్మదిగా చల్లారతాయో చెప్పడమట. ముందు కాగితే కదా స్వామీ!

నా ఫోన్ ఛార్జర్‌ని చూడు. "100 నుంచి 240" అని రాసుకుంది, 170 దగ్గరా నోరెత్తకుండా పనిచేస్తోంది. నువ్వేమో తప్పు లైన్ మీదికి నెడతావు. నిజమే, ఇంటికిచ్చే వోల్టేజీ 6 శాతానికి మించి అటూఇటూ కాకూడదని 1956 నాటి విద్యుత్ నియమాలే అన్నాయి. ఆ సంగతి కరెంటు ఆఫీసు వాళ్లతో విడిగా తేల్చుకుంటా. పొలంలో మోటారు వైండింగ్ కాలిన లెక్క కూడా అక్కడే ఉంది. ఇప్పుడు మాట్లాడేది నీ గురించి. మా ఊళ్లో ఎప్పుడూ లేని వోల్టేజీ చూపించి నాకు గీజర్ అంటగట్టింది నువ్వు!

వచ్చే మోడల్ మీద 230 పక్కనే 200, 170 కూడా వేసి, ఎదురుగా వాట్లు వెయ్యి. సిగ్గేస్తే నిమిషాలైనా వెయ్యి. అందాకా నీ మొహాన తెల్ల టేపు అంటించి మార్కర్‌తో 1088 అని రాశాను. పీకావో, ఊరుకోను.

ఇట్లు,
లైన్ చివరి స్తంభం వినియోగదారుడు